కుక్కల్లేవు, మంచు లేదు... బురద ఉందిగా!

నెలకోసారైనా మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక పులి వచ్చి పోతుంది, గమనించారా? సీసీ కెమెరాలో పడ్డ మసక వీడియో, దాని మీద 'మన ఊరి పొలిమేరలో పులి, అందరికీ షేర్ చేయండి' అని ఎర్రటి అక్షరాలు. గుడివాడ గ్రూపులో అది గుడివాడ పులి, తెనాలి గ్రూపులో తెనాలి పులి. అసలు అది ఏ దేశపు జంతువో, ఏ సంవత్సరపు వీడియోనో ఎవరికీ పట్టదు. వారం రోజులు పిల్లల్ని సాయంత్రం బయటికి పంపరు. తర్వాత ఇంకో ఫార్వర్డ్ వస్తుంది, పులి సంగతి మర్చిపోతాం.

ఈ వారం మనం ఆ పులి వెనకాలే కాసేపు నడుద్దాం. నిజంగానే పిల్లి జాతి జంతువు ఒకటి ఊరి చుట్టూ తిరుగుతోంది అనుకోండి. అది రాత్రిపూట తప్ప బయటికి రాదు. అడుగు తీసి అడుగేస్తే చప్పుడుండదు. మన కంటే ముందే మనల్ని చూసేస్తుంది. అలాంటి దాన్ని ఎలా కనిపెడతారు? దొరికాక, మనం వెతుకుతున్నది ఇదే అని ఎలా తేలుస్తారు? ఈ రెండో ప్రశ్నే అసలు కష్టమైనది. చివరికి మన కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒకసారి అమెరికా వెళ్లొద్దాం. అక్కడి పడమటి కొండల్లో ప్యూమా అని ఒక పెద్ద పిల్లి ఉంది. కూగర్ అన్నా, మౌంటెన్ లయన్ అన్నా అదే. పేరులో లయన్ ఉంది కానీ సింహంలా గర్జించలేదు, మన ఇంటి పిల్లిలాగే గుర్రుమంటుంది. కెనడా నుంచి చిలీ దక్షిణ కొస దాకా బతుకుతుంది. కొన్ని రాష్ట్రాల్లో దీని వేటకు లైసెన్స్ ఇస్తారు. అక్కడ వేట అంటే మామూలుగా కుక్కల పని. వేటకుక్కల గుంపు వాసన పట్టుకుని తరుముతుంది, ప్యూమా భయపడి చెట్టెక్కుతుంది, వెనక తాపీగా వచ్చిన మనిషి తుపాకీ ఎత్తుతాడు. ఇదేం వేటండీ అని అక్కడి జనమే అడిగారు. ఆరెగాన్ 1994లో, వాషింగ్టన్ రాష్ట్రం 1996లో ఓట్లు వేసి మరీ కుక్కలతో కూగర్ వేటను ఆపేశాయి. కాలిఫోర్నియా అయితే 1990లోనే సరదా వేట మొత్తాన్నీ నిషేధించింది.

కుక్కలు లేకపోతే వేటగాడికి మిగిలేది ఒక్కటే, మంచు. రాత్రి మంచు కురిసి తెల్లారేసరికి ఆగిందనుకోండి. కొండంతా తెల్ల కాగితంలా ఉంటుంది. పాత జాడలన్నీ కప్పుకుపోతాయి. ఆ ఉదయం ఎక్కడైనా ఒక అడుగు కనబడిందంటే అది మంచు ఆగాక పడ్డదే. అంటే ఆ జంతువు కొన్ని గంటల దూరంలోనే ఉంది. మా భాషలో చెప్పాలంటే ప్రతి అడుగుకీ ఒక టైమ్‌స్టాంప్. ఇక దాని వెంట నడవడమే. గంటలు నడుస్తారు, ఒక్కోసారి రోజులు. ఎక్కువసార్లు ఉత్తి చేతులతో ఇంటికొస్తారు.

కుక్కలు లేని వేటలో ఇంకో చిక్కుంది. చెట్టెక్కిన ప్యూమాని కింద నిలబడి తీరిగ్గా చూడొచ్చు. మగదా, ఆడదా, పిల్లల తల్లా అని తేల్చుకుని వద్దనుకుంటే వదిలేయొచ్చు. పిల్లలున్న తల్లిని చంపడం చాలా రాష్ట్రాల్లో నేరం కూడా. పొదల మధ్య ఒక్క క్షణం కనబడి మాయమయ్యే జంతువు దగ్గర ఆ తీరికుండదు. కుక్కల్ని మాన్పించడం దయే. కానీ ఎదురుపడింది ఏ జంతువో తేల్చుకోవడం దాంతో మరింత కష్టమైంది. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో వేట ముచ్చటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తలుపు మూసేశారు. మనిషి ప్రాణానికి ముప్పయిన జంతువు విషయంలో మాత్రం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అదీ, పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం వీలుకాదని తేలాకే. అందుకే మన దగ్గర వెతుకులాట అంతా పట్టుకోవడానికో, లెక్కపెట్టడానికో, లేదా ఊళ్లోవాళ్ల కోపం నుంచి జంతువుని కాపాడటానికో.

మరి మనకి మంచు ఎక్కడిదీ అంటారా? బెజవాడలో మేలో ఫ్యాన్ గాలే పొయ్యి మీద నుంచి వస్తున్నట్టుంటుంది, మంచు మాట దేవుడెరుగు. కానీ మనకి బురద ఉంది!

అవనిగడ్డ దాటి నాగాయలంక, అక్కణ్నుంచి సొర్లగొంది వైపు వెళ్తే రోడ్డు అయిపోయి మడ అడవులు మొదలవుతాయి. కృష్ణమ్మ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటు. ఇక్కడే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. సముద్రం రోజుకి రెండుసార్లు పాయల్లోకి ఎక్కి, రెండుసార్లు దిగిపోతుంది. పోటు ఎక్కినప్పుడు బురద మీది జాడలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆటుకి నీళ్లు తీశాక మెత్తటి ఒండ్రు నున్నగా, పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు బయటపడుతుంది. ఆ తర్వాత దాని మీద నడిచిన ప్రతిదీ సంతకం పెట్టి పోవాల్సిందే. పీత, కొంగ, నక్క, మనిషి, పిల్లి. ఆ అడుగు వయసు ఎంత? చివరి పోటు తీసినప్పటి నుంచి ఇప్పటి దాకా, అంతకు మించి ఉండదు. అమెరికా వేటగాడు మంచు కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి. మన మడ అడవిలో కొత్త కాగితం రోజుకి రెండుసార్లు వస్తుంది.

ఆ కాగితం మీద సంతకం పెట్టే పిల్లి పేరు ఫిషింగ్ క్యాట్. మనవాళ్లు బావురుపిల్లి అంటారు, కొందరు నీటిపిల్లి అంటారు. చిక్కేమిటంటే పెద్దసైజు అడవిపిల్లి ఏది కనబడినా బావురుపిల్లే అంటారు. ఇంటిపిల్లికి రెట్టింపు పైనే ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద వరసలుగా నల్లమచ్చలు, పొట్టి తోక, వేళ్ల మధ్య కొంచెం చర్మం. పిల్లులన్నీ నీళ్లంటే పారిపోతాయని కదా మన నమ్మకం, ఇది నీళ్లలోకి తలతో సహా దూకి చేపని పట్టుకొస్తుంది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది, లోపలి పొర దట్టంగా ఉండి నీటిని చర్మం దాకా పోనివ్వదు. ప్రపంచంలో దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో తప్ప ఎక్కడా లేదు. ముప్పు పొంచి ఉన్న జంతువుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. మన చట్టంలో పులితో సమానంగా షెడ్యూల్ ఒకటిలో ఉంది. పశ్చిమ బెంగాల్‌కి ఇది రాష్ట్ర జంతువు. మన కృష్ణా, గోదావరి డెల్టాల మడ అడవుల్లో ఉందని ఎంతమందికి తెలుసు? ఆర్ఆర్ఆర్ ఎన్ని రోజులు ఆడిందో చెప్పమనండి, టక్కున చెబుతారు.

ఇక్కడ మా బాబాయి సంగతి చెప్పాలి. ఆయనకి నాగాయలంక వైపు రెండు చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె వేస్తాడు. మొన్న చలికాలంలో రోజూ పొద్దున్నే గట్టు మీద సగం తిని వదిలేసిన చేపలు కనబడటం మొదలైంది. పక్క చెరువు కాపలా అబ్బాయి రాత్రిపూట టార్చ్ వేస్తే మచ్చల జంతువు ఒకటి గట్టు దిగిపోయిందట. ఇంకేముంది, ఫోన్‌లో తొమ్మిది సెకన్ల వీడియో, 'పులి పిల్ల' అని పేరు. సాయంత్రానికి మండలమంతా తిరిగి బెజవాడలో నా ఫోన్‌లోకి కూడా వచ్చింది.

ఆ శనివారం నేను వెళ్లేసరికి బాబాయి షెడ్డు ముందు కూర్చుని బైకు క్లచ్ వైరుతో ఉచ్చు అల్లుతున్నాడు.

"ఏరా, వచ్చావా? పులి పిల్ల వచ్చిందంటే దాని తల్లి కూడా ఉంటుంది కదరా. ముందు దీన్ని చూస్తే, తర్వాత దాని సంగతి."

"బాబాయ్, అది పులి పిల్ల కాదు. ఫిషింగ్ క్యాట్ అంటారు. దాన్ని చంపితే మూడేళ్లకి తక్కువ కాకుండా జైలు, ఏడేళ్ల దాకా వేయొచ్చు."

"మరి నా చేపలకి ఎన్నేళ్లు వేస్తారంట?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆయన అడిగింది న్యాయమే కదా. మేత ధర, కరెంటు బిల్లు, ఆక్సిజన్ పడిపోతుందని రాత్రుళ్లు నిద్ర లేకుండా కాపలా, ఇన్నీ అయ్యాక చేతికొచ్చే చేపని ఎవరో తినిపోతుంటే చట్టం చదివి వినిపించే వాడి మీద కోపం రాదా? అందుకని చట్టం పక్కన పెట్టి ఇంకో మాట అడిగాను.

"చేపలు తినేది అదేనని ఎవరు చూశారు?"

"గట్టు మీద కనబడింది చాలదా?"

"గట్టు మీద రోజూ నువ్వూ కనబడతావు కదా బాబాయ్."

నవ్వాడు. మూడు రోజులు టైమిచ్చాడు.

మేం చేసింది చాలా చిన్న పని. చెరువు గట్టు మీద పోటూ ఉండదు, ఆటూ ఉండదు. కాగితం మనమే తయారు చేసుకోవాలి. రెండు చెరువుల గట్ల మీద, జంతువు దిగే వీలున్న నాలుగు చోట్ల, రెండడుగుల వెడల్పున మట్టి తవ్వి, గడ్డి తీసేసి, నీళ్లు చల్లి, పలకతో నున్నగా మెత్తాం. సాయంత్రం ఆరింటికి మెత్తడం, పొద్దున ఐదున్నరకి చూడటం. అటవీ శాఖ వాళ్లు పులులు తిరిగే దారుల్లో సన్నటి దుమ్ముతో ఇలాంటి పట్టీలే పరుస్తారు. పగ్ ఇంప్రెషన్ ప్యాడ్ అంటారు వాటిని. పేరు పెద్దది, పని వాకిట్లో అలుకు చల్లడం లాంటిదే.

అడుగులు చదవడానికి నాలుగు సంగతులు తెలిస్తే మొదలుపెట్టొచ్చు. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు మామూలుగా పడవు. నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి. కుక్క అడుగు కొంచెం పొడుగ్గా ఉంటుంది, నాలుగు వేళ్లు, వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడతాయి. మన ఫిషింగ్ క్యాట్‌తో తంటా ఏమిటంటే దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. అందుకని మెత్తటి బురదలో దాని గోళ్లు కూడా పడొచ్చు, తొందరపడి చూస్తే కుక్క అనిపిస్తుంది. అప్పుడు వెనక మెత్త చూడాలి. పిల్లికి ఆ మెత్త వెనకంచున మూడు ఉబ్బులు కనబడతాయి. ఇక నాలుగోది, వేళ్లు ఐదు పడ్డాయంటే అది పిల్లీ కాదు, కుక్కా కాదు.

రెండో రోజు పొద్దున పెద్ద చెరువు మూల పట్టీ మీద ఐదు వేళ్ల అడుగులు పడ్డాయి. ఒకటి కాదు, మూడు నాలుగు జంతువులవి, కలగాపులగంగా. మధ్యలో తోక ఈడ్చిన గీత. పక్కనే గడ్డిలో పెంట, దాన్నిండా చేప పొలుసులు. బాబాయి కింద కూర్చుని చాలాసేపు చూసి, "ఇవి నీటికుక్కలురా!" అన్నాడు. చిన్నప్పుడు కాలవలో గుంపులు గుంపులుగా చూసేవాడట. మధ్యలో కనబడటం మానేశాయని, అవి పోయాయనే అనుకున్నాడు.

మూడో రోజు చిన్న చెరువు గట్టు మీద నాలుగు వేళ్ల గుండ్రటి అడుగులు కూడా పడ్డాయి. అంటే పిల్లి రావడం నిజమే. కానీ అది నీళ్ల వైపు దిగలేదు, గట్టు పొడుగునా నడిచి ఎలుక బొరియలున్న చోట ఆగి, అటు పొలాల్లోకి పోయింది. ఫిషింగ్ క్యాట్ పేరుకి చేపల పిల్లే కానీ ఎలుకల్నీ, పీతల్నీ, పిట్టల్నీ కూడా తింటుంది. గట్టుకి ఎలుక బొరియ పడితే ఏమవుతుందో చెరువున్న ప్రతివాళ్లకీ తెలుసు. బాబాయికి నేను విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

పిల్లి ఒక్క చేప కూడా తినలేదని నేననను. మూడు రాత్రుల బురద చూసి అంత మాట అనలేం. కానీ గట్టు మీద సగం తిని వదిలేసిన చేపల పక్కన దొరికిన అడుగులు మాత్రం దానివి కావు. ఉచ్చు పెట్టుంటే దాన్లో పడేది అటు చివర తిరుగుతున్న పిల్లే. చేపలు పోవడం మాత్రం ఆగేది కాదు. ఇప్పుడు పెద్ద చెరువు మూల వల కంచె కట్టాడు, దాణా షెడ్డు దగ్గర ఒక లైటు పెట్టాడు. ఉచ్చు విప్పాడా అంటారా? చుట్టచుట్టి షెడ్డులో మేకుకి తగిలించాడు. పారేయలేదు.

దొంగ ఎవరో తేలకుండానే శిక్ష వేసేయడం ఒక్క మా బాబాయికే ఉన్న అలవాటు కాదు. దేశం మొత్తం పులుల్ని లెక్కపెట్టిన కథ చూడండి. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి 1966లో పులి అడుగుల్ని బట్టి పులుల్ని లెక్కించే పద్ధతి తెచ్చారు. ఖైరీ అనే ఆడపులిని ఇంట్లో కూతురిలా పెంచిన మనిషి ఆయన. అడుగు మీద అద్దం పెట్టి పెన్నుతో గీత గీయడం, ప్లాస్టర్ పోసి అచ్చు తీయడం, రెండు అడుగుల్ని పోల్చి ఇది వేరే పులి, ఇది అదే పులి అని తేల్చడం. 1972లో ఆ పద్ధతిలో దేశమంతా లెక్కిస్తే 1,827 పులులు తేలాయి. ప్రాజెక్ట్ టైగర్ పుట్టడానికి ఆ అంకె ఒక కారణం.

కానీ ఒకే పులి అడుగు గట్టి నేల మీద ఒకలా, తడి ఇసుకలో ఇంకోలా పడుతుంది. నిలబడితే ఒక సైజు, పరిగెత్తితే ఇంకో సైజు. ఒకే పులి కాగితం మీద రెండు పులులు అయిపోవచ్చు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులున్నాయని కాగితాలు చెబుతుండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. వేటగాళ్లు ఊడ్చేశారు. దెబ్బకి దేశం లెక్క పద్ధతే మారిపోయింది. 2006 అంచనాలో దేశం మొత్తం మీద తేలినవి 1,411.

అలా కెమెరా ట్రాప్ వచ్చింది. పని మీ ఇంటి వరండాలో మనిషొస్తే వెలిగే సెన్సార్ లైటు లాంటిదే. వేడి ఒళ్లున్నది ఏదైనా ముందు నుంచి కదిలితే ఫోటో తీస్తుంది. దారికి అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా కడతారు. ఎందుకంటే పులి చారలు, చిరుత మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకలా ఉండవు. పైగా ఒకే జంతువుకి కుడి పక్క ఒకలా, ఎడమ పక్క ఇంకోలా ఉంటాయి. రెండు పక్కలా ఫోటో ఉంటేనే ఫలానా జంతువు అని ఖాయం చేయగలం.

అయినా అడవిలో ప్రతి జంతువూ కెమెరా ముందుకొచ్చి నిలబడదు కదా, మరి మొత్తం ఎన్నో ఎలా చెబుతారు? చేపల చెరువుతోనే చెప్పుకుందాం. చెరువులో 20 శీలావతులు పట్టి, రెక్కకి చిన్న గుర్తు పెట్టి వదిలేయండి. వారం తర్వాత మళ్లీ వల వేస్తే 25 పడ్డాయి, వాటిలో 5 గుర్తున్నవి. అంటే పడ్డవాటిలో ఐదో వంతు గుర్తున్నవి. చెరువు మొత్తంలోనూ ఐదో వంతే గుర్తున్నవి అనుకుంటే, 20కి ఐదు రెట్లు, దాదాపు 100 చేపలు. పులులకి గుర్తు మనం పెట్టక్కర్లేదు, చారలే గుర్తు. అసలు లెక్కలో జాగా, దూరం కూడా కలుపుతారు, కానీ మూలసూత్రం ఇదే. ఒడిశా చిలికా సరస్సు చుట్టూ ఇలాగే కెమెరాలు పెట్టి 2022లో 176 ఫిషింగ్ క్యాట్లు ఉన్నాయని అంచనా వేశారు.

మా ఫీల్డ్ వాళ్లకి నచ్చే అంకె ఇంకోటి. 2018 పులుల లెక్కలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. పడ్డ ఫోటోలు 3 కోట్ల 48 లక్షల పైమాటే. వాటిలో పులులున్నవి 76,651, చిరుతలున్నవి 51,777. మిగతావి జింకలు, పశువులు, మనుషులు, ఊగే గడ్డి! ఇన్ని ఫోటోల్ని మనుషులు కూర్చుని వేరుచేయాలంటే జన్మలు చాలవు. జంతువుని బట్టి ఫోటోల్ని విడదీసే సాఫ్ట్‌వేర్ ఒకటి, చారల్ని పోల్చి ఇది ఏ పులో చెప్పే సాఫ్ట్‌వేర్ ఇంకోటి వాడారు. ఆ సంఖ్య గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

అలాగని అడుగులు చదివేవాళ్ల పని అయిపోయిందనుకోకండి. కెమెరా ఏ చెట్టుకి కట్టాలో ఎవరు చెప్పాలి? నల్లమలలో ఆ పని చెంచులది. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చాలామంది చెంచులే. ఆకు మడిగిందో, రాయి తిరగబడిందో, పిట్ట ఎందుకు అరిచిందో వాళ్లకి తెలిసినట్టు ఏ సెన్సార్‌కీ తెలియదు. కెమెరా తన ముందు మీటర్ల మేర చూస్తుంది, చెంచు మనిషి కొండంతా చూస్తాడు.

ఇంత టెక్నాలజీ ఉన్నా 'ఏది' అన్న ప్రశ్న మనల్ని వదల్లేదు. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి తిరిగింది. కెమెరాల్లో పడింది, అడుగులు దొరికాయి, బోన్లు పెట్టారు, ఎర కట్టారు. అది బోను దాకా వచ్చి వెనక్కి పోయిందే తప్ప లోపలికి అడుగుపెట్టలేదు. 2024 సెప్టెంబర్‌లో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువులో చిరుత కనబడితే, తర్వాత కడియం నర్సరీల మధ్య దాని జాడ కోసం వెతకాల్సి వచ్చింది. పూల మొక్కల మధ్య చిరుత!

అన్నిటికంటే బాధాకరమైనది తిరుమల. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది. అంతకు ముందు జూన్‌లోనే ఒక చిన్న బాబు మీద దాడి జరిగింది. తర్వాత వారాల్లో బోన్లలో ఒకదాని తర్వాత ఒకటి చిరుతలు పడ్డాయి. ప్రతిసారీ టీవీల్లో 'ఆపరేషన్ చిరుత సక్సెస్' అని వేశారు. కానీ బోన్లో పడింది చిరుతే, ఆ చిరుతేనా? అది తేలాలంటే నమూనాలు తీయాలి, పరీక్షలు చేయాలి, ఆగాలి. ఆగడమే మనకి చేతకాదు. నడిచే భక్తులకి కర్రలిస్తే జనం నవ్వారు. నిజానికి పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి పంపకపోవడం, గుంపుగా నడిపించడం, ఇవే ఎక్కువ ఉపయోగపడేవి. చిరుత ఒంటరిగా ఉన్న చిన్న ప్రాణిని చూస్తుంది, గుంపుని చూసి తప్పుకుంటుంది.

కుక్కల దగ్గర మొదలుపెట్టాం కాబట్టి కుక్కల మాట ఒకటి చెప్పాలి. 'రెండు కుక్కల్ని గట్టు మీద వదిలేస్తే పోలా' అని అక్కడ చాలామంది అంటారు. కుక్కలుంటే చిరుత దూరంగా పోదు, చాలా చోట్ల కుక్కల కోసమే ఊళ్లోకి వస్తుంది. చెత్త ఉన్నచోటికి కుక్కలు, కుక్కలున్న చోటికి చిరుత. ఇంకోటి జబ్బులు. 2018లో గుజరాత్ గిర్‌లో కొన్ని వారాల్లో 23 సింహాలు చనిపోతే, పరీక్షల్లో బయటపడ్డ వాటిలో కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ ఉంది. 1994లో ఆఫ్రికా సెరెంగెటిలో అదే వైరస్ దాదాపు వెయ్యి సింహాల్ని, అంటే అక్కడి వాటిలో మూడో వంతుని చంపేసింది. టీకా వేయని కుక్కని మడ అడవి అంచున వదలడమంటే ఆ జబ్బుకి దారి చూపించడమే.

సరే, మీ చేతిలో ఫోన్ ఉంది. మీరేం చేయొచ్చు? పొలం గట్టునో, చెరువు పక్కనో అనుమానంగా ఒక అడుగు కనబడితే దాన్ని తొక్కకండి. పక్కన ఐదు రూపాయల బిళ్లో, అగ్గిపెట్టో పెట్టి నిలువుగా పైనుంచి ఫోటో తీయండి, లేకపోతే సైజు తెలియదు. ఒక్క అడుగు కాదు, వరసగా నాలుగైదు తీయండి. వేళ్లు లెక్కపెట్టండి. ఎప్పుడు తీశారో, దానికి ముందు నీళ్లు ఎప్పుడు పెట్టారో, వాన ఎప్పుడు పడిందో రాసుకోండి, అదే మీ మంచు. దగ్గర్లోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లొకేషన్, టైమ్ వివరాలు ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. గ్రూపుల్లో మాత్రం చోటు పేరు పెట్టకండి. భయపడేవాళ్లతో పాటు ఉచ్చులు అల్లేవాళ్లు కూడా ఆ గ్రూపుల్లో ఉంటారు.

ఆ తొమ్మిది సెకన్ల వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. నిన్న మచిలీపట్నం గ్రూపు ఒకదాంట్లో చూశాను, ఈసారి 'చిరుత దంపతులు' అని పేరు పెట్టారు. ఉన్నది ఒక్క పిల్లే కదండీ అని కింద రాశాను. అరగంటలో నలుగురు అడిగారు, 'అయితే అదేం పిల్లి?' అని. మంచి ప్రశ్న. పారిపోయే ముందు, ఉచ్చు అల్లే ముందు, షేర్ కొట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.